చిట్టమ్మ పేజీ

"అలేఖ్యా, ఇంకెంతసేపే? పడవ ఎక్కుదామా, వద్దా?"

హెడ్‌ఫోన్‌లో సుమంత్ గొంతు ఖంగుమంది.

ఆదివారం మధ్యాహ్నం. ఉక్కునగరం క్వార్టర్స్‌లో అందరూ భోజనాలు చేసి కునుకు తీస్తున్నారు. అలేఖ్య మాత్రం వాళ్ల నాన్న లాప్‌టాప్ ముందు మఠం వేసుకుని కూర్చుంది. తెర మీద నీలం సముద్రం. ఒడ్డున ఓ చిన్న పడవ. ఆ పడవ పక్కన మూడు గుండ్రటి బొమ్మలు.

అది వాళ్ల ఆట. పేరు 'ఏడు దీవుల కథ'.

ఎండాకాలం సెలవుల్లో ద్వారకా నగర్‌లో పిల్లలకు కథలు అల్లడం నేర్పే శిబిరం జరిగింది. అలేఖ్య, సుమంత్, యోహాన్, దేవిశ్రీ స్నేహితులైంది అక్కడే. ఉదయ్‌కుమార్ సార్ వాళ్లకు ఒక ఆట నేర్పారు. బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అయిపోయి, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. చేసిన పని ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది.

బడులు తెరిచాక నలుగురూ కలవడం కుదరలేదు. సుమంత్ ఇల్లు గాజువాకలో. యోహాన్ ఇల్లు రుషికొండ దగ్గర. దేవిశ్రీ ఉండేది జాలరిపేటలో. అందుకే ఆటను ఇంటర్నెట్‌లోకి మార్చారు. ఒక వెబ్‌సైట్‌లో అలేఖ్య ఆట తెరిచింది. తెరిచింది తనే కాబట్టి ఆటకు ఓనర్ కూడా తనే. కథ నడిపేది కూడా తనే.

ఆ సైట్‌లో ప్రతి పాత్రకూ ఒక పేజీ ఉంటుంది. దాంట్లో ఆ పాత్ర బొమ్మ, బలాలు, సామాన్లు, మాటలు ఉంటాయి. ఎవరి పేజీని ఎవరు చూడొచ్చో, ఎవరు మార్చొచ్చో ఓనర్ పర్మిషన్ ఇవ్వాలి.

"దేవి రాలేదు కదరా," అంది అలేఖ్య.

"పోయినవారం కూడా రాలేదు. పోయినవారం కూడా ఒడ్డునే కూర్చున్నాం. బోర్ కొడతంది బాబూ!"

నిజమే. దేవిశ్రీకి సొంత ఫోను లేదు. వాళ్లమ్మ ఫోనులోనే ఆడుతుంది. ఆ ఫోను సముద్రపు నీళ్లలో పడి పాడైపోయింది. ఆ సంగతి చెప్పడానికి పక్కింటివాళ్ల ఫోను నుంచి ఒకసారి మాట్లాడింది.

"నాను వచ్చీదాకా చిట్టమ్మని పడవలోనే కూకోబెట్టండి. ఎక్కడికీ తిప్పకండేం," అని మరీ మరీ చెప్పింది.

"అలగేలే," అంది అలేఖ్య అప్పుడు.

చిట్టమ్మ అంటే దేవిశ్రీ ఆడే పాత్ర. గాలి వాసన చూసి తుఫాను పసిగట్టే ముసలమ్మ. నుదుట రూపాయి కాసంత బొట్టు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, నెత్తిన గంప. ఆ బొమ్మ దేవిశ్రీయే గీసింది. చిట్టమ్మ అన్నది దేవిశ్రీ వాళ్ల మామ్మ పేరు. ఆమె జాలరిపేటలో చేపలు అమ్మేది. ఎండాకాలానికి ముందే చనిపోయింది. ఈ సంగతి నలుగురికీ తెలుసు.

ఇప్పుడు కథ చిట్టమ్మ దగ్గరే ఆగింది. రెండో దీవిలో పని అయిపోయింది. మూడో దీవికి వెళ్లాలంటే సముద్రం దాటాలి. దాటించగలిగేది చిట్టమ్మ ఒక్కతే.

"నువ్వు ఓనర్‌వి కదే! పర్మిషన్ నీ చేతిలోనే ఉంది," అన్నాడు సుమంత్. "చిట్టమ్మ పేజీ నాకు తెరువు. నా పాత్రతో పాటు దాన్ని కూడా నేనే ఆడతాను."

"తిప్పొద్దని దేవి చెప్పింది కదా," అన్నాడు యోహాన్ మెల్లగా. యోహాన్ ఎప్పుడూ అలాగే, పక్కవాళ్లకు వినపడీ వినపడనట్టు మాట్లాడతాడు.

"సముద్రం దాటించడానికే కదరా! వచ్చాక చెప్దాం. ఏటవుద్ది?"

అలేఖ్య చిట్టమ్మ పేజీ తెరిచింది. మూలన చిన్న తాళం బొమ్మ ఉంది. దాని మీద నొక్కితే సుమంత్ పేరు పక్కన రెండు గడులు కనిపించాయి. ఒకటి 'చూడొచ్చు'. రెండోది 'మార్చొచ్చు'.

తనకూ మూడో దీవికి వెళ్లాలనే ఉంది. ఆ దీవి కోసం పగడాల గుహ, మాట్లాడే తాబేళ్లు, అన్నీ కల్పించి పెట్టుకుంది. రెండు వారాలుగా అవి చెప్పకుండా ఆగడం తన వల్ల కావడం లేదు.

రెండో గడి మీద నొక్కింది. అంతే.

"వచ్చేసింది, వచ్చేసింది!" అని అరిచాడు సుమంత్. "బాబోయ్, ఈ ముసల్దానికి ఒక్క కత్తి కూడా లేదేటి? ఉండండి, అప్‌గ్రేడ్ చేస్తాను."

అలేఖ్య తెర మీద చిట్టమ్మ మారిపోవడం మొదలైంది. ముందు బొమ్మ పోయింది. దాని చోట నెట్‌లో దొరికిన ఓ పడుచు దొంగల నాయకురాలు వచ్చింది, నల్ల కళ్లజోడుతో. తర్వాత పేరు పోయింది. 'కెప్టెన్ చిట్టి' అయింది.

"సామాన్లకి చోటు చాలట్లేదు. ఇక్కడేవో మాటలు చాలా ఉన్నాయి, తీసేస్తన్నాను," అన్నాడు సుమంత్.

"దేవికి ముందు చెప్పొద్దా?" అన్నాడు యోహాన్.

 సుమంత్ అప్పటికే గొంతు మార్చి, కెప్టెన్ చిట్టిలా మాట్లాడడం మొదలుపెట్టాడు. అలేఖ్యకు నవ్వు ఆగలేదు. కాసేపటికి యోహాన్ కూడా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం ఆట బ్రహ్మాండంగా సాగింది. సముద్రం దాటారు. గుహలోకి వెళ్లారు. సుమంత్‌కు పగడాల కత్తి దొరికింది. అలేఖ్య లాప్‌టాప్ మూసేటప్పుడు ఆమె బుగ్గలు నవ్వి నవ్వి నొప్పెడుతున్నాయి.

*

తర్వాతి ఆదివారం వాళ్లు ఆట మొదలుపెట్టగానే తెర మీద నాలుగో పేరు వెలిగింది.

"దేవీ!" అని కేక పెట్టింది అలేఖ్య. "కొత్త ఫోనేటే?"

"కాదు. మా సిన్నాన్నది. ఓ గంట ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను." దేవిశ్రీ ఆయాసపడుతోంది. పరిగెత్తుకుని వచ్చినట్టుంది. "బేగి మొదలెట్టండి. చిట్టమ్మ ఏటి సేత్తంది? పడవలోనే ఉందా?"

సుమంత్ గొంతు సవరించుకున్నాడు.

దేవిశ్రీ తన పేజీ తెరిచినట్టుంది.  తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఈ నల్ల కళ్లజోడు గుంట ఎవులు?"

"అదే చిట్టమ్మ," అన్నాడు సుమంత్. "మేం కొంచెం అప్‌గ్రేడ్ చేశాం. బలం చూడు, ఎంత పెరిగిందో!"

"మా మామ్మ ఏది?"

దేవిశ్రీ పేజీ అడుగుదాకా చూసినట్టుంది.

"మాటలేవి? నాను రాసిన మాటలున్నాయి కదా, అవేవి?"

"అవి... సామాన్లకి చోటు లేదని తీసేశాను," అన్నాడు సుమంత్.  "అలేఖ్య పర్మిషన్ ఇచ్చింది."

"మల్లీ తేలేరా?"

అలేఖ్య గబగబా అటూ ఇటూ నొక్కి చూసింది. పాత బొమ్మ, పాత మాటలు ఎక్కడా లేవు. ఆ సైట్‌లో ఒకసారి తుడిచేస్తే తిరిగి రాదు.

"రావు దేవీ," అంది.

"నాను ఇంకెక్కడా రాసుకోలేదు," అంది దేవిశ్రీ. "మా మామ్మ ఏటనేదో గుర్తొచ్చినప్పుడల్లా ఆ పేజీలోనే రాసీదాన్ని. సదువుతంటే దాని గొంతు వినిపించీది."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. ఆమె వైపు నుంచి సముద్రం హోరు మాత్రం వినిపించింది. కాసేపటికి నాలుగో పేరు ఆరిపోయింది. ఇచ్చిన గంటలో ఇంకా చాలా సమయం మిగిలే ఉంది.

ఆ రోజు ఆట ఆడలేదు.

*

అలేఖ్య వంటింట్లోకి వెళ్లింది. వాళ్లమ్మ పుష్ప నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అలేఖ్య పక్కనే కూలబడి జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఉంటే ఎందుకో కోపం వచ్చింది.

"నేనేం తప్పు చేశానమ్మా? ఆట మొదలుపెట్టింది నేను. ఓనర్‌ని నేను. పర్మిషన్ ఇచ్చే హక్కు నాకుంది. తుడిచింది కూడా నేను కాదు, సుమంత్!"

"హక్కుంటే ఉంది," అంది పుష్ప. "చిట్టమ్మ ఎవరి మామ్మ?"

"దేవి వాళ్ల మామ్మ."

"దేవిని అడిగావా?"

"ఎలా అడుగుతాను? తనకి ఫోను లేదు కదా."

పుష్ప తల ఎత్తకుండానే అంది. "ఫోను లేకా, అడిగితే వద్దంటాదనా?"

 అలేఖ్య లేచి గదిలోకి వెళ్లిపోయింది.

అమ్మ మాట ముల్లులా గుచ్చుకుంది. వద్దంటుందని తనకు తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు. ఆ సంగతి ఇంతవరకు తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఎలాగైనా సరిచెయ్యాలనుకుంది. ముందు 'కెప్టెన్ చిట్టి' తీసేసి 'చిట్టమ్మ' అని రాసింది. పాత బొమ్మను దేవిశ్రీ ఎప్పుడో నలుగురి చాట్ గ్రూపులో పంపింది. వెతికి పట్టుకుని మళ్లీ పెట్టింది. ఇక మాటలు.

అక్కడ ఆగిపోయింది. చిట్టమ్మ మాటలు ఆటలో ఎన్నిసార్లో విన్నది. కానీ ఒకటీ పూర్తిగా గుర్తుకు రావడం లేదు. కెరటం గురించి ఏదో ఉంది. చేప కళ్ల గురించి ఏదో ఉంది.

ఖాళీ పేజీని చూస్తే భయమేసింది. ఏదో ఒకటి నింపాలనిపించింది. 'ధైర్యమే మన తెడ్డు' అని సొంతంగా ఒకటి రాసింది. బానే ఉందనిపించింది. తెలుగు వాచకం తీసి అందులోంచి కొన్ని సామెతలు ఎక్కించింది. 'పెద్దల మాట చద్దిమూట' అని రాసింది. 'కలిసి ఉంటే కలదు సుఖం' అని రాసింది. పేజీ నిండింది. అలేఖ్య మనసు కాస్త కుదుటపడింది.

'దేవీ, చిట్టమ్మ వచ్చేసింది. చూడు,' అని మెసేజ్ పెట్టింది.

బుధవారం బడి నుంచి వచ్చేసరికి దేవిశ్రీ చిన్నాన్న ఫోను నుంచి జవాబు ఉంది.

'ఇవి మా మామ్మ మాటలు కావు. మా మామ్మ ఇలగ పుస్తకంలో లాగ మాటాడదు. ఒగ్గేయండి. నాను ఇంక ఆడను.'

అలేఖ్య ఆ మెసేజ్‌ను ఎన్నిసార్లు చదివిందో. ఆ సాయంత్రం అమ్మ ఉప్మా చేసి పెడితే ప్లేటు అలాగే వదిలేసింది.

శనివారం నాన్న డ్యూటీ నుంచి రాగానే దగ్గరకు వెళ్లి నిలబడింది. వాళ్ల నాన్న శ్రీరామ్మూర్తి స్టీల్‌ప్లాంట్‌లో పని చేస్తాడు. బూట్లు విప్పుకుంటున్నాడు.

"నాన్నా, రేపు జాలరిపేట తీసుకెళ్తావా?"

"ఏటి, సేపలకా?"

"కాదు. ఒకళ్లకి సారీ చెప్పాలి."

శ్రీరామ్మూర్తి కూతురి ముఖంలోకి చూశాడు. 

"పొద్దున్నే ఎల్దాం. పడవలొచ్చీ టైముకి అందరూ ఒడ్డునే ఉంతారు," అన్నాడు.

*

పోర్టు రోడ్డులో లారీల వెనక చాలాసేపు ఆగి ఆగి, బైకు చివరికి జాలరిపేట చేరింది. సందులు దాటగానే ఇసుక. ఇసుక మీద వరసగా పడవలు. అప్పుడే ఒడ్డుకు వచ్చిన పడవల చుట్టూ ఆడవాళ్లు మూగి ఉన్నారు. వేలంపాట కేకలు, కాకుల అరుపులు, గాలిలో చేపల వాసన.

దేవిశ్రీ వాళ్ల అమ్మ పక్కన కూర్చుని వలలోంచి కవళ్లు విడదీసి గంపలో వేస్తోంది. వెండిరంగు చిన్న చేపలు ఆమె చేతుల్లోంచి టపటపా జారుతున్నాయి. అలేఖ్యను చూసి చేతులు ఆపింది. మళ్లీ పనిలో పడింది.

"ఎవులమ్మా?" అని అడిగింది వాళ్లమ్మ ధనలక్ష్మి.

"నేను దేవి ఫ్రెండ్‌నండీ. అలేఖ్య."

"ఓ, ఆ ఆట పిల్లవా!" ధనలక్ష్మి నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగింది. "మాటాడుకోండి. నాను ఆ గంప ఇచ్చొస్తాను," అని లేచి వెళ్లింది.

శ్రీరామ్మూర్తి బైకు దగ్గరే ఉండిపోయాడు.

బైకు మీద వస్తున్నంతసేపూ అలేఖ్య ఏం చెప్పాలో మనసులో కట్టుకుంది. సుమంత్ తొందరపెట్టాడని, ఫోను లేదు కాబట్టి అడగలేకపోయానని. ఇప్పుడు దేవిశ్రీ ముందు ఇసుకలో కూర్చుంటే అవేవీ నోటికి రాలేదు.

"నువ్వు తిప్పొద్దన్నావు. నేను సరే అన్నాను," అంది. "అడిగితే వద్దంటావని అడగలేదు. సారీ దేవీ."

దేవిశ్రీ ఒక చేపను మెల్లగా విడదీసింది. వల దారం తెగకుండా, చేప తల నలగకుండా.

"తుడిచీసినారని తెలిసినప్పుడు ఏడుపొచ్చింది," అంది. "కోపం రాలేదు. కోపం తరవాతొచ్చింది. నువ్వు నీ మాటలు తెచ్చి మా మామ్మ నోట్లో పెట్టినావు సూడు, అప్పుడొచ్చింది."

"ఖాళీగా ఉంటే నువ్వు బాధపడతావని..."

"ఖాళీగా ఉంటే మా మామ్మ మాటలు పోనాయని తెలుస్తాది. నువ్వు నింపీసినావు. రేపు నాకే ఏది మామ్మదో ఏది నీదో తెలీకపోతే?"

అలేఖ్య తల వంచుకుంది. ఒక కెరటం వచ్చి పడవ అంచు వరకు తడిపి వెళ్లింది.

"నాను పని సేసుకోవాల. నువ్వెల్లు," అంది దేవిశ్రీ. గొంతులో కోపం లేదు. స్నేహం కూడా లేదు.

తిరుగుదారిలో శ్రీరామ్మూర్తి అడిగాడు. "ఏటన్నాది?"

"వెళ్లిపొమ్మంది."

"ఊఁ," అన్నాడాయన.  ఎండలో గొంతు తడుపుకోవడానికి దారిలో బండి ఆపి ఒక కొబ్బరిబోండాం కొట్టించాడు. అలేఖ్య సగం తాగి నాన్నకు ఇచ్చేసింది.

*

ఇంటికి రాగానే అలేఖ్య లాప్‌టాప్ తెరిచింది.

ముందు తను రాసిన సామెతలన్నీ తీసేసింది. పేజీ బోసిగా కనిపించింది. అలాగే ఉండనిచ్చింది.

తర్వాత తాళం బొమ్మ మీద నొక్కింది. సుమంత్ పేరు పక్కన ఉన్న పర్మిషన్ తీసేసింది. అన్నిటికంటే కింద 'పేజీని వేరొకరికి అప్పగించు' అని ఒకటి ఉంది. ఇంతకాలం అలేఖ్య దాన్ని పట్టించుకోలేదు. దేవిశ్రీ పేరు ఎంచుకుంది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది.

'ఇకపై ఈ పేజీని మీరు మార్చలేరు. సరేనా?'

అలేఖ్య వేలు ఒక్క క్షణం ఆగింది. కథ నడిపేది తను. రేపు కథలో చిట్టమ్మతో ఏ అవసరం వచ్చినా తను ముట్టుకోలేదు. దేవిశ్రీ మళ్లీ ఎప్పటికీ రాకపోతే చిట్టమ్మ ఆ పడవలో అలాగే ఉండిపోతుంది.

'సరే' నొక్కింది.

ఆ తర్వాత సుమంత్‌కూ యోహాన్‌కూ ఫోను చేసింది.

"ఒక విషయం అడుగుతాను. చిట్టమ్మ ఆటలో ఏమేం అనేదో మీకేమైనా గుర్తుందా?"

"రాసి పంపమంటావా?" అన్నాడు సుమంత్ ఉత్సాహంగా.

"వద్దు. ఎక్కడా రాయొద్దు. గుర్తు తెచ్చుకుని ఉంచుకోండి. దేవి వింటానంటేనే చెబుదాం. వద్దంటే లేదు."

సుమంత్ సరే అన్నాడు. తర్వాత అడిగాడు. "నా మీద బాగా కోపంగా ఉందా?"

"నన్ను కాదు, తననే అడుగు."

దేవిశ్రీకి అలేఖ్య ఒకే మెసేజ్ పెట్టింది. 'చిట్టమ్మ పేజీ ఇప్పుడు నీ ఒక్కదానిదే. నేను కూడా మార్చలేను. మామ్మ మాటలు కొన్ని మాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. నువ్వు వింటానంటే చెబుతాం.'

సోమవారం జవాబు రాలేదు. మంగళవారమూ రాలేదు. అలేఖ్య మళ్లీ మెసేజ్ పెట్టాలని అనుకుని మానేసింది. అడగడం అయింది. ఇక చెప్పాల్సింది దేవిశ్రీ.

శుక్రవారం చిన్న జవాబు వచ్చింది. 'ఆదివారం వత్తాను.'

*

ఆదివారం నలుగురూ కలిశారు. వాళ్లమ్మ ఫోను బాగుపడి వచ్చిందని దేవిశ్రీ చెప్పింది. 

"దేవీ, నేను చేసింది..." అని సుమంత్ మొదలుపెట్టాడు. మాటలు తడబడ్డాయి. "నాకు అది మీ మామ్మే అని తెలుసు. అయినా ఆటే కదా అనుకున్నాను. సారీ."

"సరే, సెప్పండి," అంది దేవిశ్రీ. "ఏటి గుర్తున్నాయి?"

ముందు అలేఖ్య చెప్పింది. "కెరటాన్ని తిట్టకు, దాని పని అది చేస్తుంది... ఇలాంటిదేదో."

"కెరటాన్ని తిట్టకే, దాని పని అది సేసుకుంతాది," అని సరిచేసింది దేవిశ్రీ. తెర మీద ఆమె టైపు చేస్తున్న గుర్తు కదిలింది.

సుమంత్ అందుకున్నాడు. "చేపని కొనేటప్పుడు దాని కళ్లు చూడు, అమ్మేటప్పుడు... అమ్మేటప్పుడు..."

"మనిసి కళ్లు సూడు." దేవిశ్రీ మాట పూర్తి చేసింది. "సేప కళ్లు సూసి కొను, మనిసి కళ్లు సూసి అమ్ము."

"ఇంకోటి ఉంది. నడిసంద్రంలో నవ్వినోడే మొనగాడు!"

"అది మామ్మది కాదు. నువ్వే కల్పించినావు."

"అవునేమో," అని ఒప్పుకున్నాడు సుమంత్. దేవిశ్రీ దాన్ని రాయలేదు. ఎవరూ రాయమనలేదు.

చాలాసేపటి తర్వాత యోహాన్ నోరు విప్పాడు.

"నేను ఆ రోజు వద్దని గట్టిగా అనలేదు. తర్వాత నేనూ నవ్వాను," అన్నాడు. "నాకు ఒక్కటే గుర్తుంది. మొదటి దీవిలో నా పాత్ర పెంచుకున్న పిట్ట చచ్చిపోయింది కదా. అప్పుడు చిట్టమ్మ నాతో అంది. ఏడవాలనుంటే ముందు గంప దించు. గంప నెత్తినుండగా ఏడిస్తే మెడ నొప్పెడతాది అని."

 దేవిశ్రీ టైపు చేస్తున్న గుర్తు కదల్లేదు.

"తప్పు చెప్పానా?" అని అడిగాడు యోహాన్ భయంగా.

"లేదు," అంది దేవిశ్రీ. ముక్కు ఎగబీల్చింది. "అది మామ్మదే. నాను మర్సిపోనాను. నాకే గుర్తు లేదు."

ఆమె ఏడుస్తోందని ముగ్గురికీ తెలిసింది. ఎవరూ ఊరుకోమనలేదు. ఆమె వెనక సముద్రం, ఎవరో పిల్లల అరుపులు, ఒక పడవ మోటారు చప్పుడు వినిపిస్తూ ఉన్నాయి.

కాసేపటికి చిట్టమ్మ పేజీలో కొత్త వాక్యం చేరింది. తర్వాత మరొకటి. కొన్నే. పోయినవన్నీ తిరిగి రాలేదు. తెడ్డు గురించి ఒకటి ఉండేదని దేవిశ్రీ అంది. అది ఎవరికీ గుర్తు రాలేదు. ఆ చోటును ఆమె ఖాళీగా వదిలేసింది.

"మనం ఆ సముద్రం దాటనట్టే," అంది అలేఖ్య. "కెప్టెన్ చిట్టి దాటించింది లెక్కలోకి రాదు. వచ్చేవారం కథ మళ్లీ రెండో దీవి ఒడ్డు నుంచి మొదలు."

"అయితే నా పగడాల కత్తి?" అన్నాడు సుమంత్.

"లేదు."

సుమంత్ పెద్దగా నిట్టూర్చాడు. "సరేలే," అన్నాడు.

*

తర్వాతి ఆదివారం మళ్లీ మూడు పేర్లే వెలిగాయి. దేవిశ్రీ పొద్దున్నే కబురు పంపింది. వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్తూ ఫోను తీసుకెళ్తున్నాడట, తను ఆటకు రాలేనంది.

తెర మీద నీలం సముద్రం. పడవలో చిట్టమ్మ. ఒడ్డున సుమంత్ పాత్ర, యోహాన్ పాత్ర. మూడో దీవిలో తాబేళ్లు, గుహలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"ఇవాళ కూడా ఒడ్డునేనా?" అన్నాడు సుమంత్. వెంటనే తనే నాలుక కరుచుకున్నాడు. "నేనేం అనలేదు బాబూ."

అలేఖ్య నవ్వింది. ఆ వారమంతా కూర్చుని ఈ రెండో దీవిలోనే ఒక ఊరు కల్పించింది. అందులో దీపాలు చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల బావిలో ఏదో పాడుతూ ఉంటుంది. ఆ ఊరికి వెళ్లడానికి పడవతో పని లేదు.

"చిట్టమ్మ పడవలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది," అని అలేఖ్య కథ ఎత్తుకోబోయి ఆగింది. "కాదు కాదు. ఆమె ఏం చేస్తోందో దేవి వచ్చి చెబుతుంది. మీ సంగతి చెప్పండి. మీ వెనక కొండమీద ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. బావిలోంచి పాట వినిపిస్తోంది."

"నేను బావి దగ్గరికి వెళ్తాను," అన్నాడు యోహాన్.

"పాచిక వెయ్యి," అంది అలేఖ్య.